ఆ పిల్ల మా ఊళ్ళో లేదు సారూ

జూనియర్ అసిస్టెంటు పరీక్ష పాసై, సర్టిఫికెట్లు చూపించి వచ్చాక, ఉద్యోగం చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ నేను ఏమీ కాను. విద్యార్థిని కాను, ఉద్యోగిని కాను. మా నాయిన లెక్కలో మాత్రం అప్పటికే ఎమ్మార్వోని.

మా ఊరు మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ నడుమ ఉంటుంది. నాయిన ఒకప్పుడు అక్కడి ద్రాక్షతోటలో పనిచేసేవాడు. ఆ తోట ప్లాట్లయింది, ప్లాట్లు కాలనీ అయ్యాయి, నాయిన ఆ కాలనీకే నీళ్ళు వదిలే మనిషయ్యాడు. పొద్దున్నే వాల్వు తిప్పుతూ గేటు గేటుకీ చెప్పుకుంటూ వెళ్ళేవాడు. "మా బిడ్డకు సర్కారు నౌకరి ఒచ్చింది. ఇగ ఆర్డరొక్కటే రావాలె." సంపు మూత తెరిచి నీళ్ళ కోసం నిలబడిన మనిషి వినక ఎక్కడికి పోతుంది? అందరూ విన్నారు, ఒక్కొక్కరు నాలుగైదుసార్లు విన్నారు.

అంతటితో ఆగలేదు. ఒకరోజు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి దాని వీపుకి తెల్లని తువాలు కప్పాడు. ఆఫీసర్ల కుర్చీలకు అలాగే ఉంటుందట. అందులో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. మా అమ్మ బియ్యం ఏరడానికి ఒకసారి కూర్చుంటే లేపేశాడు. ఇంకోరోజు మేడ్చల్ నుంచి పచ్చసిరా పెన్ను కొనుక్కొచ్చాడు.

"నాయినా, పచ్చసిరాతో గెజిటెడోళ్ళే సంతకం పెడ్తరు. నేను పెడితే నౌకరి ఊడుతది" అన్నాను.

"ఉంచుకో బిడ్డా. ప్రమోషన్ రాదా ఏంది?"

చేరని ఉద్యోగానికి ప్రమోషన్! నాకు ఒళ్ళు మండేది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పెన్నుతో పాత నోటుపుస్తకంలో రెండు పేజీలు సంతకాలు పెట్టిన మాట కూడా నిజమే.

వాడకట్టులో వాళ్ళు కూడా నాయిన మాటే నమ్మారు. ఒకామె రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించమని వచ్చింది. ఒకాయన పొలం గట్టు తగాదా తెచ్చాడు. నాకింకా ఆర్డరు రాలేదని మొత్తుకుంటే, "ఆర్డరొచ్చినంకనే జెయ్యి, మేము గిప్పుడే చెప్పిపెడుతున్నం" అని అర్జీలు ఇచ్చి పోయేవాళ్ళు. అవన్నీ ఒక సంచిలో పెట్టాను. పడేయడానికి మనసొప్పలేదు.

మధ్యలో ఒక ఫారం వచ్చింది. మూడు ప్రతులు నింపాలి. ఐదేళ్ళుగా ఎక్కడున్నావు, నీ మీద కేసులున్నాయా, నిన్ను ఎరిగిన పెద్దమనుషులు ఇద్దరెవరు అని అడిగారు. ఇద్దరి పేర్లు రాశాను. ఒకరు మా ఎదురింటి కిరాణాదుకాణం చాచా. చిన్నప్పుడు నన్ను తక్కెడలో కూర్చోబెట్టి శనగపప్పుతో తూచిన మనిషి. రెండోవారు కాలనీలో మేడమ్. గుంటూరు వైపునుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ పిల్లలకు రోజూ సాయంత్రం ఐదింటికి లెక్కలు చెప్పేదాన్ని. ఆ ఇద్దరికీ మీ పేర్లు రాశానని చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ కాగితం పట్టుకుని పోలీసు మనిషి ఊళ్ళోకి వచ్చి విచారిస్తాడని కూడా తెలియదు. మా వాడకట్టులో సర్కారు ఉద్యోగం వచ్చిన మొదటిదాన్ని నేనే, ఇంకెవరు చెబుతారు?

తరువాత ఎదురుచూడటమే పని. వారానికో బందు, నెలకో సమ్మె జరిగే రోజులవి, ఆఫీసులు తెరిచినరోజు పండగ. నాతోపాటు పాసైన వాళ్ళకి ఒక్కొక్కరికీ ఆర్డర్లు వస్తున్నాయని తెలిసింది. నాకు రాలేదు. చివరికి నేనే జిల్లా ఆఫీసుకి పోయి, కిటికీ దగ్గర రెండు గంటలు నిలబడి, నా నంబరు చెప్పాను. అక్కడి గుమాస్తా ఫైలు తీసి చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫైలు చూశాడు.

"నీ పెండ్లయింది గదమ్మా" అన్నాడు.

"కాలేదు సార్."

"అయింది. సోలాపూర్ ఇచ్చిండ్రు. ఇద్దరు పిల్లలు."

నేను బిత్తరపోయాను. ఆయన కాగితం తిప్పి చూపించాడు. పోలీసు రిపోర్టు. సదరు అభ్యర్థిని ఈ చిరునామాలో నివసించుటలేదు, వివాహమై ఇతర రాష్ట్రమునకు (సోలాపూర్) వెళ్ళిపోయినది, ఇద్దరు సంతానము కలరు, స్థానికులు ధ్రువీకరించినారు.

"సార్, నేను మీ ముందల నిలబడ్డ గదా!"

"నువ్వు నిలబడ్డవమ్మా. కాగితంల లేవు."

మంచివాడే పాపం. నెమ్మదిగా వివరించాడు. పదిహేను రోజుల్లో సరైన రిపోర్టు రాకపోతే నా పేరు కొట్టేస్తారు. లిస్టులో నా తరువాత ఉన్న మనిషికి ఆ ఉద్యోగం ఇచ్చేస్తారు. ఆ తరువాతి మనిషెవరో నాకు తెలియదుగానీ, బస్సులో వస్తున్నంతసేపూ ఆమె మొహం కనబడుతూనే ఉంది. బాగా నవ్వుతోంది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. మా అవ్వ, అంటే నాయిన తల్లి, గడప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"అవ్వా, ఎవరన్న పోలీసాయన నా గురించి అడుగనీకొచ్చిండా?"

"ఆ, ఒచ్చిండు" అంది తాపీగా. "నేనే పంపించిన."

"ఏమని పంపినవ్?"

"పెండ్లి చేసినం, సోలాపూర్ పోయిందని జెప్పిన. నువ్వు లోపల పండుకున్నవ్. గురక గూడ పెడుతున్నవ్. గా సప్పుడేందని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"కుక్క అన్న."

నేను అక్కడే కూలబడ్డాను. తువాలు కప్పిన కుర్చీలోనే. నాయిన కూడా లేపలేదు.

పిల్లల సంగతి పక్కింటి చిన్నమ్మ పుణ్యం. అవ్వ మాట అతను నమ్మినట్టు కనిపించలేదట, గోడ మీదనుంచి తొంగిచూసి అందుకుంది. "ఇద్దరు పిల్లలు గూడ అన్న. పిల్లలున్నరంటె ఇగ ఎవడు అడుగుతడు?" అని నాతోనే చెప్పింది, మెచ్చుకుంటానన్నట్టు.

చాచా దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఇంకా ఘనుడు.

"వాడు నీ పేరు చెప్పి ఎరికేనా అన్నడు బేటీ. నాకు తెల్వదన్న. మనూరి ఆడపిల్ల పేరు పోలీసోని నోట్లె ఎందుకు?"

"చాచా, సాక్షి అని నీ పేరే రాసిన గదా!"

"అదే పరేషాన్! నీ పేరు ఇదేనా అని నన్నే అడిగిండు. ఆయన ఊరికి పోయిండు, నేను దుకాణం సూస్కుంటున్న అని జెప్పిన. జల్దీ పంపించేసిన."

నాకోసం ఆయన తనను తానే లేకుండా చేసుకున్నాడు. ఇంక ఏం తిట్టను?

మిగిలింది మేడమ్. ఆవిడ మాత్రం అబద్ధం చెప్పలేదు. "వస్తుందండీ రోజూ, ఐదింటికి. లెక్కలు చాలా బాగా చెబుతుంది" అందట. ఇల్లెక్కడ అని అడిగితే, "అదైతే తెలియదండీ, ఊళ్ళో ఎక్కడో అనుకుంటా" అందట. రెండేళ్ళుగా వాళ్ళ ఇంటికి పోతున్నాను. నిజం చెప్పిన ఆ ఒక్క మనిషికేమో నా ఇల్లు తెలియదు. అందరికంటే ఎక్కువ కోపం ఆవిడ మీదే వచ్చింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అవ్వ మీద అరిచాను. నా బతుకు నాశనం చేశావన్నాను. ఆమెకు నా కోపం అంతుపట్టలేదు. "పోలీసోడు ఆడపిల్లను అడిగితే ఉన్నదని ఎవరన్న జెప్తరా?" అని అమ్మనీ నాయిననీ మార్చి మార్చి అడిగింది. వాళ్ళిద్దరూ నేల చూశారు. వాళ్ళయినా అదే చెప్పేవాళ్ళని నాకప్పుడే అనుమానం వచ్చింది.

మర్నాడు ఊరేగింపుగా ఠాణాకి పోయాం. నాయిన రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, ఏడో తరగతిలో వ్యాసరచన పోటీకి నాకిచ్చిన స్టీలు గిన్నె తెచ్చాడు. గిన్నె మీద నా పేరు చెక్కి ఉంది. చాచా ఇస్త్రీ బట్టలు వేసుకుని, అత్తరు రాసుకుని వచ్చాడు. రిపోర్టు రాసిన కానిస్టేబుల్ చాచాని చూడగానే గుర్తుపట్టాడు.

"ఊరినుంచి ఎప్పుడొచ్చినవ్?"

"గిప్పుడే సారూ" అన్నాడు చాచా. అలవాటైపోయింది.

ఎస్సై గిన్నె పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, నవ్వు ఆపుకున్నాడు. "గిన్నె సాక్ష్యం పనికిరాదు. ఇంటి పెద్దమనిషి పెండ్లయిందని జెప్పింది. మల్ల ఆమెనే ఒచ్చి, నా మనుమరాలు గీమెనే, నా దగ్గరనే ఉంటదని రాసియ్యాలె. అప్పుడు మార్చి పంపిస్త" అన్నాడు.

అదీ మెలిక. అవ్వ రానంది. ఠాణా మెట్టు ఎక్కనంది. నాయిన బతిమాలాడు, చాచా బతిమాలాడు, చిన్నమ్మ ఆటో ఖర్చు తనదేనంది. రానంటే రానంది. పదిహేను రోజుల్లో తొమ్మిది అయిపోయాయి. నేను బతిమాలలేదు. పంతం నాకూ ఉంది. మాట్లాడటం మానేశాను. ఎదురుగా కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు నటించేదాన్ని, ఆమె పిక్కలు తీస్తున్నట్టు నటించేది. చింతపండు ఎప్పుడో అయిపోయింది.

పదోరోజు పొద్దున లేచేసరికి అవ్వ తలస్నానం చేసి, కొత్తచీర కట్టుకుని, నా చెప్పులు నా ముందు పెట్టింది.

"పా" అంది.

షేర్ ఆటోలో దారంతా నా మణికట్టు వదల్లేదు. ఠాణాలో బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఎస్సై మర్యాదగానే అడిగాడు. "అవ్వా, పిల్ల లోపల పండుకొనుంటే లేదని ఎందుకు జెప్పినవ్?"

అవ్వ అతనివైపు చూడలేదు. బల్లతో చెబుతున్నట్టు మాట్లాడింది.

"ఒకపారి ఉన్నడని జెప్పిన సారూ. మా ఇంటాయన కోసం గిట్లనే ఒకడొచ్చిండు. ఉన్నడు, అన్నం తింటుండు అని జెప్పిన. ఎవలియో గొర్లు పోయినయంట. చెయ్యి గూడ కడుక్కోనియ్యలె. పదకొండు దినాలకు ఇడిసిండ్రు. గా చెయ్యి మల్ల సక్కగ లేవలె. నేను లేడని జెప్తె అయిపోతుండె."

తాత కుడిచేయి పైకి లేచేది కాదు. ఎద్దులబండి మీదనుంచి పడ్డాడని మాకు చెప్పారు. నాయినకి కూడా అంతే తెలుసు. మా వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ నాయిన మొహం తిప్పుకున్నాడు. తొమ్మిది రోజులు ఈ మనిషితో మాట్లాడలేదు కదా అని నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఎస్సై కుర్చీలో సర్దుకున్నాడు. రైటరు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, చదివి వినిపించి, సిరా డబ్బా ముందుకు జరిపాడు. అవ్వ బొటనవేలు సిరాలో పెట్టింది. కాగితం పైకి తెచ్చి, అక్కడ ఆపింది.

"ముద్ర ఏస్తె దీన్ని తీస్కపోరు గదా?"

"తీస్కపోం అవ్వా" అన్నాడు కానిస్టేబుల్. "నౌకరికి పిలుస్తరు, గంతే. పొద్దుగాల పోతది, మాపటికి ఇంటికొస్తది."

"మాపటికి ఇంటికొస్తదని గూడ రాయి."

రైటరు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తలూపాడు. నేను చూస్తుండగానే కాగితం అడుగున ఆ వాక్యం రాశాడు. సర్కారు భాషలోకి మార్చలేదు, అవ్వ అన్నట్టే రాశాడు. చదివి వినిపించాడు. అప్పుడు అవ్వ వేలు గట్టిగా ఒత్తింది, మిగిలిన సిరా నా చున్నీకి తుడిచింది.

గడువుకి రెండురోజుల ముందు రిపోర్టు చేరింది. ఆర్డరు ఆ తరువాతి నెలలో వచ్చింది. మొదటిరోజు ఆఫీసులో సంతకం చేసి, నల్లసిరాతోనే, నాకిచ్చిన కుర్చీలో కూర్చున్నాను. దానికి తువాలు లేదు, ఒక చేయి కూడా లేదు. సాయంత్రం ఫైళ్ళు బీరువాలో సర్దడంలో ఆలస్యమై బస్సు తప్పిపోయింది. తరువాతి బస్సు నిండిపోయి ఆగనేలేదు. ఇంకొకటి పట్టుకుని మా ఊరి స్టేజీలో దిగేసరికి ఏడయింది. దీపాలు పెట్టేశారు.

స్టేజీలో అవ్వ నిలబడి ఉంది. తలస్నానం చేసింది, కొత్తచీర కట్టుకుంది. పక్కనే షేర్ ఆటో ఒకటి ఆపి ఉంచింది, డ్రైవరు విసుక్కుంటున్నాడు.

"యాడికి పోతున్నవ్ అవ్వా?"

నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. రెండు చేతులూ పట్టుకుని, ఒకదాని తరువాత ఒకటి పైకి లేపి చూసింది.

"మాపటికి ఒస్తదని రాసిచ్చిండ్రు గదా" అంది. "అడుగుదమని ఠాణాకు పోతున్న."