వలకి కాలు తగిలిన పాయింటు

ఈరోజు మన జువ్వలదిన్నె పిల్లల వాలీబాల్ లీగ్‌లో విజిల్ నా మెడలోనే ఉంది. ఆటకు ముందు రూల్స్ చదివి వినిపించాను. "బంతి ఆటలో ఉండగా నెట్ తగిలితే ఫాల్టు" అనగానే నాకు నవ్వాగలేదు. మస్తానూ, బోగోలు టీముతో ఆడిన ఆట గుర్తుందా?

మీ నాన్న పాత చేపల వలను రెండు సరుగుడు కర్రలకు కట్టిచ్చాడు. ఎంత ఎండినా నీచు వాసన పోయేది కాదు! ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు మనదే. ఎగిరి స్మాష్ కొట్టాను. బంతి ఇంకా గాల్లో ఉండగానే, వేలాడుతున్న వల అంచుకు నా కాలు తగిలింది. బంతి వాళ్ళ ఇసకలో దిగబడింది. మనవాళ్ళంతా ఒకటే కేకలు! విజిల్ పట్టుకున్న డ్రిల్లు సారు బంతినే చూస్తున్నారు, నా కాలిని ఎవరూ చూడలేదు. కానీ అన్నం పెట్టే వలకు కాలు తగిలితే మనం ఊరుకుంటామా? వంగి, వలను తాకి కళ్ళకద్దుకున్నాను.

"ఏందిరా, దణ్ణం పెడతా ఉండావు?" అన్నారు సారు.

"కాలు తగిలింది సార్."

విజిల్! ఆ పాయింటూ పోయింది, తర్వాత ఆటా పోయింది. "దణ్ణమేదో గెలిచినాక పెట్టుకోకూడదా ఏందిరా!" అని నువ్వు నా వెంటపడి ఇసక చల్లావు.

ఈరోజు కట్టింది కొట్లో కొన్న కొత్త నెట్. ఆఖర్లో దాని కింది తాడు ఊడి వేలాడింది. గెలుపు పాయింటుకు ఒక పిల్ల ఎగిరి స్మాష్ కొట్టింది. నేనూ బంతినే చూస్తున్నాను. ఇటు తిరిగేసరికి ఆ పిల్ల వంగి, తాడును తాకి కళ్ళకద్దుకుంటోంది!

విజిల్ ఊదాను. మస్తానూ, నువ్వు ఇంటికొచ్చాక నన్ను తిట్టబాక. అది నీ కూతురే.