బాడుగ కారుకు అక్కరలేని పాలసీ

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో నేను ప్రొద్దుటూరు నుంచి గండికి యాత్రికులను తీసుకెళ్లే బాడుగ కారు నడిపేవాణ్ణి. ఇన్సూరెన్సు మళ్లీ కట్టబోతే ఏజెంటు ఇంకో ఇంగ్లీషు కాగితం ముందుకు తోశాడు.

"ఏట్లో నీళ్లకు కారు చెడితే ఇది ఆదుకుంటాది. ఇది తీసుకోకుంటే నీ అసలు ఇన్సూరెన్సు గూడా ఇయ్యరు."

నాకు ఒళ్లు మండింది. మా కార్ల స్టాండులో ఏ కాగితమైనా బడి అయ్యవారు అందరికీ చదివి చెప్పాకే సంతకం పెడతాం. ఏజెంటును అక్కడికే తీసుకుపోయాను.

అయ్యవారు చివరి వరుస దగ్గర ఆగాడు. "బాడుగ కార్లకు ఇది చెల్లదంటప్పా."

"మరి నాకెందుకు అమ్ముతాండావు?" అని ఏజెంటును అడిగాను.

ఆ కాగితం మీదే "ఇది నాకు వద్దు, అసలుది ఇవ్వాల్సిందే" అని తెలుగులో రాసి, కింద ఒప్పుకున్నట్టు ఏజెంటు చేతనే సంతకం పెట్టించాను.