లైబ్రరీ వెనక చేమాకు

మా సత్యవతి ఉద్యోగం నిలబడింది! సంతోషంతో నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మా అమ్మాయి ఈ కొండమీది యూనివర్సిటీలో నీటి మీటర్లు చూస్తుంది. సెలవులకి హాస్టళ్లు ఖాళీ అయినా మీటరు తిరుగుతూనే ఉంది. పాత పైపు ఎక్కడో పగిలిందని తను అంటుంది, నువ్వు పెట్టిన మీటరే తప్పని పెద్దసారు అంటారు. ఈ సాయంత్రంలోగా చోటు చూపించకపోతే రేపటి నుంచి రావద్దన్నారు.

కూతుర్ని చూడ్డానికి వచ్చిన నేను ఊరికే కూర్చోలేక లైబ్రరీ వెనక్కి వెళ్లాను. ఎండలకి గడ్డి అంతా మాడిపోయింది గానీ ఒక్కచోట చేమాకు ఏనుగు చెవులంత పెరిగి ఉంది. పులుసుకని తువ్వాలు నిండా కోశాను. అమ్మాయి పరుగున వచ్చింది.

"పరువు తీసేత్తన్నావు నాన్నా! ఎవులైనా చూత్తే ఏటంటారు?"

"తిట్టకే గుంటా. ఇంత మంచి ఆకు మన ఊరి గెడ్డ నీళ్ల పక్కన కూడా నేదు. రోజూ ఎవులు తడుపుతన్నారో గానీ!"

"ఇక్కడ ఎవులూ తడపరు నాన్నా..." అంటూ ఆగిపోయింది. "బేగి గునపం తే!"

మూరెడు తవ్వగానే తుప్పు పట్టిన పైపులోంచి నీళ్లు, చూడ్డానికి వచ్చిన పెద్దసారు ప్యాంటు మీదికే చిమ్మాయి. ఆ పైపు వాల్వు కట్టెయ్యగానే మీటరు ఆగింది. సారు నవ్వేసి ఉద్యోగం ఖాయమన్నారు.

ఆకు మాత్రం యూనివర్సిటీదని సెక్యూరిటీ అతను పట్టుకుపోయాడు. మీరే చెప్పండి, అది నాది కాదా?

చదివినవాళ్లు జి.మాడుగులలో మా అన్నయ్యకి, రాజవొమ్మంగిలో చిన్నచెల్లికి, గూడెం కొత్తవీధిలో వియ్యపురాలికి వెంటనే చెప్పండి. "ఆడగుంటకి పైపుల పనేటి" అన్న మా బావకి మాత్రం ఎవరూ చెప్పొద్దు. ఆయనకి నేనే ఫోన్ చేస్తాను.