వరస తప్పిన బల్బులు

మా వైపు ఇద్దరు కలిస్తే ముందు వరస కలుపుతారు. నేను బల్బుల్ని కూడా అలాగే కలిపాను.

అరసవల్లిలో మా మేనత్త సాయంత్రాలు వరండాలో కూర్చుని అమ్మకానికి పూలదండలు కడుతుంది. ఆ వరండాకీ వంటింటికీ పాత పసుపు బల్బులు నేనే బిగించాను. బళ్లో విద్యుత్తు పాఠం చెప్పేవాణ్ని, ఆమాత్రం పనికి ఇంకొకరెందుకని. రెండూ గుడ్డిగా వెలిగాయి. లో వోల్టేజి అనుకున్నాం. అత్త ఆ మసక వెలుతురులోనే దండలు కడుతూ, లైన్‌మన్ కనబడినప్పుడల్లా తిట్టేది.

మొన్న నేనుండగానే అతన్ని పట్టుకుంది. "ఒరే, మంచి కరెంటంతా మేడలకి తోలేసి, మాకు నీరసం కరెంటు ఇస్తన్నావేటి?"

"నానేటి సేస్తానత్తా? పక్కింట్లో బాగానే వెలుగుతన్నాది కదా!"

"అయితే మా పంతులు తప్పు సేసేడంటావా? ఒకటి తీసేస్తే రెండోదానికైనా నీ కరెంటు సాలతాదేమో సూడు!" అంటూ లోపలికెళ్లి, గుడ్డతో పట్టుకుని వంటింటి బల్బు తీసేసింది. వరండా బల్బు కూడా ఆరిపోయింది. "సూసేవా, ఒకటి తీస్తే రెండోదీ సస్తన్నాది!"

దాంతోపాటు నా మొహమూ ఆరిపోయింది. ఒకదాని వెనక ఒకటిగా, ఒకే దారిలో కలిపిన బల్బులే అలా చేస్తాయి. వచ్చే వోల్టేజిని పంచుకుని మసగ్గా వెలుగుతాయి. దేని దారి దానికిచ్చి పక్కపక్కన కలపాలి. ఏటా బోర్డు మీద ఆ బొమ్మ గీసేది నేనే.

"అత్తా, తప్పు అతనిది కాదు, నాది. వరస తప్పుగా కలిపాను."

అత్త కళ్లు నులుముకుంది. "రా నాయనా, కూకో. టీ తాగి ఎల్లు," అంది లైన్‌మన్‌తో. నా వైపు తిరిగి, "నీకు మాత్రం బల్బులు సరిగ్గా వెలిగేకే."

"వరస మార్సెయ్ బావా," అని నవ్వాడతను.

మెయిన్ ఆపేసి స్టూలెక్కాను. అత్త కళ్లవైపు మాత్రం చూడలేకపోయాను.