నలుచెరగుల కథకు ఆధారం

అప్పట్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. వయసు ఇరవైమూడు, చేతిలో కొత్త బీఈడీ పట్టా, చీరాలలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచరుగా మొదటి ఉద్యోగం. పొదిలి వైపు మెట్ట ఊరి నుంచి వచ్చినదాన్ని కదా, పట్నం పిల్లల ముందు తడబడకూడదని గట్టి పట్టుదల. ఎవరేమడిగినా రెప్పవేసేలోపు జవాబు చెప్పేసేదాన్ని (అది తప్పో ఒప్పో తర్వాత తీరిగ్గా చూసుకునేదాన్ని).

మా హెడ్మాస్టరు గారికి పిల్లలు పెట్టిన పేరు ‘ఆధారం మాస్టారు’. వాన పడుతోందండీ అని చెప్పినా “ఆధారం ఏమిటి?” అనేవారు. శనివారం అసెంబ్లీలో ఒక టీచరు లేచి ఏదైనా నానుడి ఎలా పుట్టిందో చెప్పాలన్నది ఆయన పెట్టిన నియమమే. నా వంతుకు ‘భూమి ఆకారం మీద మన మాటలు’ అని రాసిచ్చారు. నాకు నాలుగు రోజుల గడువుంది. మూడు రోజులు ‘ఇదెంత పని’ అనుకున్నాను. నాలుగో రోజు పుస్తకాల్లో వెతికితే ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. సరే, వేదికెక్కాక నోటికేదొస్తే అదే అని నిద్రపోయాను.

నోటికి చాలానే వచ్చింది. రాక్షసుడు భూమిని చాపలా చుట్టి చంకన పెట్టుకున్న కథ చెప్పాను. మా నాన్న చర్చిలో ప్రార్థన చేస్తూ ‘భూదిగంతముల వరకు’ అని చెయ్యి చాచితే పక్కనున్నాయన కళ్లజోడు ఎగిరిపడిన సంగతి చెప్పాను. పిల్లలు నవ్వారు. ఆ నవ్వుతో నాకు పూనకం వచ్చింది. “ఇంతకీ ‘భూమి నలుచెరగులా’ అన్న మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? మన చీరాలలోనే!” అనేశాను.

అన్నాక వెనక్కి తీసుకోలేం కదా. పూర్వం ఒక రాజు ఇక్కడి నేతగాణ్ణి పిలిచి భూదేవికి చీర నెయ్యమన్నాడనీ, కొలత లేందే మగ్గం ఎక్కించనని అతను భీష్మించాడనీ, భూమి చెరగులెక్కడున్నాయో చూసి రమ్మని రాజు నలుగురు రౌతుల్ని నాలుగు వైపులా పంపాడనీ అక్కడికక్కడే అల్లేశాను. చప్పట్లు మోగాయి. అవి ఆగాక ఆధారం మాస్టారు లేచారు.

“బాగుందమ్మా. ఆధారం?”

ఇంకో నెలలో నన్ను ఉంచాలో పంపాలో తేల్చాల్సింది ఆయనే. “మా ఇంటి ఓనరు మామ్మగారు చెప్పారండీ. వాళ్లది తరతరాల నేత కుటుంబం” అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. “అయితే వచ్చే శనివారం ఆవిణ్ణే తీసుకురా. పెద్దావిడ నోటితో విందాం!”

మామ్మగారికి ఎనభై దాటాయి. మగ్గం దిగి చాలా ఏళ్లయినా పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని రాట్నంతో నూలు కండెలు చుట్టేవారు. ఆ సాయంత్రం ఆవిడ ముందు కూలబడి జరిగిందంతా చెప్పాను. రాట్నం ఆగింది.

“నేనెప్పుడు చెప్పానే నీకు?”

“చెప్పలేదు మామ్మగారూ. తప్పయిపోయింది.”

“తప్పు కాక? చీరకి నాలుగు చెరగులేంటే పిచ్చిమొహమా! అటూ ఇటూ ఉండేవి అంచులు. చెరగంటే పైట వైపుది. ఊళ్లో నేతపనోళ్ల పిల్లలంతా కూర్చుని వింటుంటే నా పేరు చెప్పి ఇంత అడ్డగోలు మాట అంటావా? దుప్పటి అని ఏడవలేకపోయావా, దానికుంటాయి నాలుగు!”

నేను అబద్ధమాడినందుకు కాదు, చీర అన్నందుకు ఆవిడకి కోపం. మాస్టారికి నిజం చెప్పేస్తానన్నాను. “నోర్మూసుకుని నా ఇస్త్రీ చీర తెచ్చిపెట్టు. నా పరువు నేను చూసుకుంటాను” అన్నారు.

శనివారం మామ్మగారు ఇంటి దుప్పటి చంకన పెట్టుకుని వేదికెక్కారు. నలుగురు ఆడపిల్లల్ని పిలిచి తలా ఒక కొస పట్టించారు. “మీ టీచరమ్మ పొరపాటున చీరంది. రాజు అడిగింది దుప్పటి. ఇవిగో చెరగులు” అని మొదలుపెట్టి నా కథ మొత్తం నాకంటే బాగా చెప్పారు. నేను వేదిక పక్క స్తంభానికి ఆనుకుని, అయిపోతే చాలు ప్రభువా అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లొకతె చెయ్యెత్తింది.

“మామ్మగారండీ, భూమి గుండ్రంగా ఉంటుందని మా పుస్తకంలో ఉందండీ. మరి ఆ గుర్రాలవాళ్లు ఏమయ్యారండీ?”

నేను స్తంభం వెనక్కి జరిగాను. మామ్మగారు మాత్రం తడుముకోలేదు.

“ఏమవుతారు? చెరగు కోసం పోయీ పోయీ, గెడ్డాలు పెరిగి, నలుగురూ మన వేటపాలెం కాడ ఎదురుబొదురు తగిలారు. ‘ఒరేయ్, నువ్వేంట్రా ఇక్కడ?’ అన్నాడొకడు. ‘ఏం చెప్పమంటావురా, భూమి గుండ్రంగా ఉంది!’ అన్నాడు రెండోవాడు. ఆ మాటా అక్కడే పుట్టింది.”

హాలు గొల్లుమంది. ఆధారం మాస్టారు కూడా కళ్లు తుడుచుకునేంత నవ్వారు. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? “అమ్మా, దీనికి ఆధారం ఏమిటండీ?” అన్నారు.

మామ్మగారు దుప్పటి మడతపెడుతూ ఆయన్ని ఎగాదిగా చూశారు. “ఎనభై ఏళ్లదాన్ని, ఎండనబడి వచ్చి నిలబడి చెబుతున్నాను. నేను చాలనా?”

ఆయన చేతులు జోడించి కూర్చున్నారు. సోమవారం నిజం ఒప్పేసుకుందామని ఆఫీసు గది దాకా వెళ్లాను. గుమ్మం పక్క నోటీసు బోర్డు మీద కథంతా ఆయన గుండ్రటి దస్తూరీలో రాసి ఉంది, కింద ఎర్ర సిరాతో ‘ఆధారం: మామ్మగారు’ అని. అది చదివి, వచ్చినదారినే క్లాసుకు వెళ్లిపోయాను. నెల తిరిగాక ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు నాకు జుట్టు నెరుస్తోంది. పిల్లలు ఏదైనా మాట ఎలా పుట్టిందని అడిగితే “నాకు తెలియదురా, వెతుకుదాం” అంటాను. ఆ చిన్న మాట నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లే పట్టింది. అన్నప్పుడల్లా వాళ్ల మొహాలు ఒక్కసారిగా చిన్నబోతాయి. అప్పుడు లోపల్నుంచి ఆ ఇరవైమూడేళ్ల పిల్ల “నేను చెబుతా, నేను చెబుతా” అని లేస్తుంది. కూర్చోమని కసురుతాను. ఒక్కోసారి వింటుంది.