అప్పలస్వామి మావయ్య రాయని మాట

ఒడిశాలోని రాయగడలో మిరపకాయలు, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం చేస్తూనే తెలుగు వ్యాసకర్తగా కీర్తి గడించిన మా మేనమామ అప్పలస్వామి గారు పోయిన నెల పరమపదించారు. రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటర్ దగ్గర డ్యూటీలో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. నిశ్చేష్టురాలినై, విజయనగరం అడిగిన ప్రయాణికుడికి కొరాపుట్ టికెట్ కొట్టి ఇచ్చాను. దుఃఖం ఉంది. దానికంటే ముందు కోపం ఉంది, అది కూడా ఇక్కడే చెప్పేస్తాను.

సంతాప సభలో సరిహద్దు అవతల ఆంధ్రా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకరు ఆయనను గంభీర గద్య నిర్మాత అనీ, మితభాషి అనీ కొనియాడారు. మితభాషి అట. మావయ్య కొట్లో ఉంటే వీధి మలుపు దాకా మాట వినిపించేది. తెలుగు సగమే అర్థమయ్యే ఒడియా బేరగాళ్లు కూడా బేరం ముగిశాక లేవకుండా కూర్చునేవారు.

ఒకసారి లక్ష్మీపూర్ సంత నుంచి వస్తూంటే కొండదారి ఘాటీలో బస్సు చెడిపోయింది. ఆ కథ ఆయన నోట ఇలా ఉండేది: “బస్సు ఆగిపోనాది. నా మిరపకాయల బస్తా సిరిగిపోనాది. డ్రైవరు తుమ్మేడు, కండక్టరు తుమ్మేడు, ఆకరికి గంపలో కోడిపుంజు కూడా తుమ్మీసినాది.” మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. అదే సంగతి మా ఊరి తెలుగు సంఘం వార్షిక సంచికకు రాశారు: “గిరిమార్గమున వాహనము స్తంభించిన వేళ, వనశోభ మా హృదయములను రంజింపజేసినది.” మిరపకాయలు లేవు, పుంజు లేదు, ఒక్క తుమ్మూ లేదు.

రాయడానికి ముందు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, మెడ దాకా బొత్తాలు పెట్టుకునేవారు. ఆ చొక్కాలో మావయ్య నాకు పరాయి మనిషిలా కనిపించేవారు. పోనీ రికార్డు చేద్దామని ఫోన్ ముందు పెడితే, గొంతు సవరించుకుని గ్రాంథికంలోకి మారిపోయేవారు.

చెప్పినట్టే రాయమని ఎన్నేళ్లు పోరానో. ఒక్కసారి మాత్రం నవ్వకుండా జవాబిచ్చారు.

“అమ్మీ, మనం ఒరిస్సాలో ఉన్నోళ్లం. మనకి తెలుగు రాదని అటేపోళ్ల అనుమానం. నన్ను సూసి నవ్వితే నాకేటి, రేపు మీ పిల్లల్నీ అలాగే సూస్తారు. అందుకే తప్పు పట్టనీకుండా రాత్తాను.”

ఎక్కడో అవమానపడి వచ్చిన మనిషి మాట అది. గౌరవిస్తాను, కానీ ఇప్పటికీ ఒప్పుకోలేను. అటువైపు పెద్దలకు భయపడి, మాకు దక్కాల్సిన మనిషిని ఆయన దాచేశారు. అయినా ఈ కొండల్లోని తెలుగువాళ్ల గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయని కాలంలో రాసింది ఆయనే. నా చేత అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఆ మహనీయునికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

కర్మలు ముగిసిన సాయంత్రం అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె పుట్టిల్లు కొల్నార, చదివింది ఒడియా బడిలో. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. తన రాతలు ఇంట్లో చదివి వినిపించడానికి మావయ్య ఎప్పుడూ సిగ్గుపడేవారు. ఆయన మాట ఇంకోసారి వినాలనుంది, ఏదైనా చదవమని అత్త అడిగింది. నేను వార్షిక సంచిక తెరిచి ఆ ఘాటీ వ్యాసం మొత్తం చదివాను. ఆమె కళ్లు మూసుకుని ఓపిగ్గా విన్నది.

“బాగుందమ్మీ,” అంది. “ఎవులో బాగా రాసేరు. ఇప్పుడు మీ మావయ్యది సదువు.”

చదవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.