సగం లెక్కే నచ్చింది

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ముగించి ప్రత్తిపాడు దగ్గర ఓ స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో చేరాను. అక్కడ పనివాళ్ళు చేరినంత వేగంగా మానేస్తున్నారు. ఎందుకో తేల్చమన్నారు ఓనరుగారు.

మానేసినవాళ్ళనీ, ఉన్నవాళ్ళనీ జీతం, దూరం, షిఫ్టు, సెక్షన్ల వారీగా విడగొట్టి కై స్క్వేర్ టెస్ట్ చేశాను. కనిపించే తేడా కాకతాళీయమా, నిజంగా సంబంధం ఉందా అని చెప్పే పరీక్ష అది.

మేనేజర్లంతా కూర్చున్న మీటింగులో ముందు జీతం సంగతి చెప్పాను. "జీతానికీ మానెయ్యడానికీ సంబంధం కనపడలేదండీ."

ఓనరుగారు బల్ల చరిచారు. "విన్నారా? పెంచండి పెంచండని నా ప్రాణం తీశారు! చదువంటే ఇదమ్మా!"

ఆ ఊపులో రెండోదీ చెప్పేశాను. "సంబంధమంతా సెక్షనుతోనేనండీ. నూలు చుట్టే వైండింగులోనే ఎక్కువమంది మానేస్తున్నారు."

ఆ సెక్షన్ ఇన్‌ఛార్జి ఓనరుగారి బావమరిది. నా ఎదురుగానే కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. తెలిసే చెప్పాను. లెక్క చెప్పిందే కదా అనుకున్నాను.

"లెక్క తప్పమ్మా," అన్నారు ఓనరుగారు.

"జీతానికి చేసిన లెక్కేనండీ ఇదీ!"

"అది కరెక్టే. ఇది తప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. బావమరిది తాపీగా బిస్కెట్ మింగి, "పాపం, పైన చూసేవాళ్ళు లేక ఇట్టా చేసింది బావా," అన్నాడు.

మర్నాటి నుంచి మా ఆఫీసు కూడా ఆ బావమరిది కిందికే వచ్చింది.

మూడు నెలలు తిరక్కుండా మానేశాను. ఇన్నేళ్ళయినా, ఆ మిల్లుకు వెళ్ళి ఆ లెక్కలో నన్నూ కలిపి మళ్ళీ చూసుకోండని చెప్పి రావాలనిపిస్తుంది.